పాణిని సూత్రాన్ని వృత్తితో చదవడం – 3వ పాఠం: ఇకో యణచి

పోయిన పాఠంలో ప్రత్యాహారాలు, అంటే అక్షరాల గుంపులకు పాణిని వాడే పొట్టి పేర్లు, చూశాం. ఇక్ అంటే ఇ, ఉ, ఋ, ఌ. యణ్ అంటే య, వ, ర, ల. అచ్ అంటే అచ్చులన్నీ. ఇవి నోటికి వచ్చేశాకే ముందుకు రండి.

సూత్రం 'ఇకో యణచి' (6.1.77, అంటే పాణిని వ్యాకరణ గ్రంథం అష్టాధ్యాయిలో ఆరో అధ్యాయం, మొదటి పాదం, 77వ సూత్రం). పదాలు విడదీస్తే ఇకః, యణ్, అచి. క్రియ లేదు, విభక్తులే దారి చూపాలి. షష్ఠిలో ఉన్నది పోతుంది (1.1.49). ప్రథమలో ఉన్నది దాని చోటికి వస్తుంది. సప్తమిలో ఉన్నది ఆ వెంటనే పరంగా ఉండాలి (1.1.66).

ఇప్పుడు వృత్తి, అంటే సూత్రానికి రాసిన చిన్న వివరణ, తెరవండి. ఏడో శతాబ్దపు కాశికలో 'అచి పరత ఇకో యణాదేశో భవతి' (అచ్చు పరమైతే ఇక్ చోట యణ్ వస్తుంది) అని ఉంటుంది. ఉదాహరణ: దధి + అత్ర = దధ్యత్ర. భట్టోజి దీక్షితుల సిద్ధాంతకౌముదిలో 'ఇకః స్థానే యణ్ స్యాదచి సంహితాయాం విషయే' అని. పెన్సిల్ తీసుకుని, సూత్రంలో లేని మాటల కింద గీత గీయండి. 'స్థానే' ఆ షష్ఠి అర్థమే. మరి 'సంహితాయాం' (అక్షరాలు ఎడం లేకుండా కలిసినప్పుడు) ఎక్కడిది? 6.1.72 సూత్రంలోని మాట కింది సూత్రాల్లోకి దిగింది. ఇదే అనువృత్తి. కౌముదిలో సూత్రాల వరస మారిపోయింది కాబట్టి అక్కడ ఇది కనిపించదు. అందుకే అష్టాధ్యాయి సూత్రపాఠం పక్కన లేకుండా కౌముది చదవొద్దంటాను.

ఇంకో సంగతి. బడిలో నేర్చుకున్న యణాదేశ సంధిలో 'అసవర్ణ అచ్చులు (వేరే జాతి అచ్చులు) పరమైనప్పుడు' అని ఉంటుంది. సూత్రంలో గానీ పై రెండు వృత్తుల్లో గానీ 'అసవర్ణ' అన్న మాటే లేదు! మరి కవి + ఇంద్ర 'కవ్యింద్ర' ఎందుకు కాలేదు? 'అకః సవర్ణే దీర్ఘః' (6.1.101) అడ్డుపడింది కనుక. యణ్ ఉత్సర్గం, అంటే సామాన్య విధి. సవర్ణదీర్ఘం దానికి అపవాదం, అంటే మినహాయింపు. అపవాదం వచ్చిన చోట ఉత్సర్గం తప్పుకుంటుంది, కవీంద్ర అవుతుంది. బడి పుస్తకం రెండు సూత్రాల ఫలితాన్ని ఒకే వాక్యంలో చెప్పేసింది. పరీక్షకి అది చాలు. వ్యాఖ్యానాల్లోకి దిగాలంటే మాత్రం రెంటినీ విడిగా చూడాలి, ఎందుకంటే ఏ సూత్రం దేన్ని బాధిస్తుంది, అంటే అడ్డుకుంటుంది అన్న చర్చ అక్కడ అడుగడుగునా వస్తుంది.

అభ్యాసం: 'ఏచోఽయవాయావః' (6.1.78). ఏచ్ అంటే ఏ, ఓ, ఐ, ఔ. వరదరాజు లఘుకౌముది వృత్తి 'ఏచః క్రమాదయ్ అవ్ ఆయ్ ఆవ్ ఏతే స్యురచి'. ఇందులో 'అచి' ఏ సూత్రం నుంచి దిగింది? 'క్రమాత్'కి ఆధారం మొదటి అధ్యాయం మూడో పాదంలో వెతకండి. తర్వాత హరే + ఏ, విష్ణో + ఏ, నై + అకః, పౌ + అకః సాధించండి. జవాబులు వచ్చే పాఠంలో, 'ఆద్గుణః' మొదలుపెట్టే ముందు చూద్దాం.