అల్లం సోడా కలిపే ముందు చూసుకోవాల్సినవి

మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన పాకం) తెప్పించి ఇంట్లోనే బీరు చేద్దామనుకునేవాళ్లకు ముందే చెప్తున్నా, మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా అది ఎక్సైజ్ చట్టం కింద నేరం. దాని బదులు నిమ్మరసం వేసి, ఈస్టుతో గ్యాస్ పట్టించి అల్లం సోడా చేసుకోండి, ఖర్చూ తక్కువే.

గాజు సీసా వద్దు. ఇదొక్కటి మాత్రం కచ్చితంగా పాటించండి. నెల్లూరు ఎండలకు ఈస్టు చాలా వేగంగా పనిచేస్తుంది, లోపల గ్యాస్ పెరిగి సీసా పేలిందంటే ముక్కలు గదంతా ఎగురుతాయి. కడిగిన కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ బాటిల్ తీసుకుని, పైన నాలుగు వేళ్ల ఖాళీ వదిలి మూత పెట్టండి, పూటకోసారి నొక్కి చూస్తూ ఉండండి, వేలికి లొంగకుండా రాయిలా గట్టిపడగానే ఫ్రిజ్‌లో పెట్టేయాలి.

రెండు లీటర్లకు పావు టీస్పూను ఈస్టు, 200 గ్రాముల పంచదార చాలు. కాచిన నీళ్లు గోరువెచ్చగా అయ్యాకే ఈస్టు వేయండి, మరీ వేడిగా ఉంటే చచ్చిపోతుంది.

అసలు ఖర్చు నిమ్మకాయలదే. ఎండాకాలం రేటు మండిపోతుంది కాబట్టి గూడూరు, పొదలకూరు మార్కెట్లలో కాయ చవగ్గా దొరికినప్పుడే కొని, రసం పిండి డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకోండి. ఈస్టు చిన్న ప్యాకెట్టే కొనండి.

నిల్వ ఉంచేకొద్దీ ఇందులోనూ కాస్త ఆల్కహాల్ చేరుతుంది, పిల్లలకూ గర్భిణులకూ ఇవ్వకండి.