ఫ్లెక్సీ మీద 92 శాతం, రిజిస్టర్‌లో 71 మంది: ప్లేస్‌మెంట్ సెల్ సమస్యలు - పరిష్కారాలు

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ దగ్గర పడిందంటే ఎన్‌ఏడీ జంక్షన్ నుంచి కొమ్మాది దాకా కాలేజీ ఫ్లెక్సీలు లేస్తాయి. పిల్లల ఫొటోలు, కింద ప్యాకేజీలు, పైన పెద్ద అక్షరాల్లో ప్లేస్‌మెంట్ శాతం. విశాఖ శివార్లలో ఒక కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్‌లో పనిచేసిన రోజుల్లో ఆ శాతం లెక్కగట్టి ప్రింటర్‌కి పంపింది నేనే. అందుకే లెక్క ఎక్కడ చెడుతుందో, పని ఎక్కడ ఆగిపోతుందో కాస్త చెప్పగలను. రాస్తున్నది టీపీఓలకు (కాలేజీలో ట్రైనింగ్, ప్లేస్‌మెంట్లు చూసే అధికారులకు), హెచ్‌ఓడీలకే (డిపార్ట్‌మెంట్ హెడ్‌లకే) గానీ, సీటు తీసుకోబోయే పిల్లల అమ్మానాన్నలు చదివినా పనికొస్తుంది.

శాతం చూస్తే ఘనం, పిల్లలు చూస్తే ఇళ్లలోనే

కారణం: లవంలో ఆఫర్లు వేస్తాం, హారంలో మనకు నచ్చిన పిల్లల్ని వేస్తాం. ఉదాహరణకి ఫైనలియర్‌లో 240 మంది ఉన్నారనుకోండి. ప్లేస్‌మెంట్లకు రిజిస్టర్ చేసుకున్నది 150 మంది. వచ్చిన ఆఫర్లు 138. నూటయాభైకి 138 అంటే 92 శాతం, ఫ్లెక్సీ రెడీ. ఇప్పుడు అదే ఎక్సెల్ షీట్‌ని హాల్‌టికెట్ నంబర్ల వారీగా సార్ట్ చేయండి. ఒక నంబరు మూడుసార్లు కనిపిస్తుంది, ఇంకోటి రెండుసార్లు. డూప్లికేట్లు తీసేస్తే మిగిలేది 96 మంది. అందులో నిజంగా జాయినైంది 71. మొత్తం 240లో 71 అంటే 30 శాతం కూడా లేదు.

రిజిస్టర్ చేసుకోని ఆ 90 మంది ఎవరు? కొందరు గేట్‌కి, ఎంఎస్‌కి, గ్రూప్స్‌కి చదువుతుంటారు, సరే. బ్యాక్‌లాగ్ ఉందనో, 60 శాతం రాలేదనో మనమే ముందుగా పక్కన కూర్చోబెట్టినవాళ్లు కూడా అందులోనే ఉంటారు. సెల్ సాయం అందరికంటే ఎక్కువ కావాల్సింది వీళ్లకే.

పరిష్కారం: ఒక్కటే షీటు, ఒక విద్యార్థికి ఒకటే వరుస. ఫైనలియర్‌లో అడుగుపెట్టిన ప్రతి ఒక్కరూ అందులో ఉండాలి. ఒక్కొక్కరి ఎదురుగా ఒకే స్థితి రాయండి: ఉద్యోగంలో చేరారు, ఆఫర్ ఉంది చేరలేదు, పై చదువు, సొంత పని, పోటీ పరీక్షలు, వెతుకుతున్నారు, తెలియదు. ఆ ‘తెలియదు’ని మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. పై ఉదాహరణలో 40 మంది పై చదువులకో సొంత పనులకో వెళ్లారనుకుంటే, 200కి 71, అంటే 35.5 శాతం. ఫ్లెక్సీకి పనికిరాని అంకే. కానీ మిగతా 129 మంది ఎక్కడ ఆగారని అడగడానికి చేతికి ఒక జాబితా దొరుకుతుంది.

తల్లిదండ్రులు బయటినుంచి సరిచూసుకునే దారి కూడా ఒకటుంది. కేంద్ర విద్యాశాఖ 2016 నుంచి ఏటా ఇస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులకు కాలేజీలు ఇచ్చిన డేటాను తమ వెబ్‌సైట్‌లో కూడా పెట్టాలి. అందులో ఎంతమంది చేరారు, ఎంతమంది సకాలంలో పాసయ్యారు, ఎంతమంది ప్లేస్ అయ్యారు, మధ్యస్థ జీతం (జీతాల్ని వరుసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చేది) ఎంత, పై చదువులకు ఎంతమంది వెళ్లారు అనేవి ఒకే వరుసలో ఉంటాయి. కాలేజీలకు గుర్తింపు గ్రేడ్లు ఇచ్చే న్యాక్ కూడా ప్లేస్‌మెంట్లు, పై చదువుల లెక్కలు అడుగుతుంది. ఒకే బ్యాచ్‌కి అక్కడో అంకె, ఇక్కడో అంకె, గోడ మీద మరో అంకె కనిపిస్తే ఆఫీసుకెళ్లి అడగడంలో తప్పేం లేదు.

ప్యాకేజీ 4.5 లక్షలు, బ్యాంకులో పడేది 24 వేలు

మొదటి జీతం పడ్డాక ఒకబ్బాయి ఫోన్ చేసి, "సార్, నన్ను మోసం చేశారా?" అని అడిగాడు. కంపెనీ మోసమేమీ చేయలేదు. సీటీసీ అంటే ఒక ఉద్యోగి మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చని, చేతికొచ్చే జీతం కాదని మేమే చెప్పలేదు.

4.5 లక్షల సీటీసీని విప్పి చూద్దాం. పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ పే 45,000. ఏడాది పూర్తయితేనే ఇచ్చే బోనస్ 50,000. ఇన్సూరెన్స్ 6,000. నెలకు 15,000 బేసిక్ మీద 12 శాతం చొప్పున కంపెనీ కట్టే పీఎఫ్ ఏడాదికి 21,600. బేసిక్‌లో 4.81 శాతం గ్రాట్యుటీ, 8,658. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 3,18,742, అంటే నెలకు 26,500 పైచిలుకు. అందులోంచి ఉద్యోగి వాటా పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే చేతికొచ్చేది 24,500 చిల్లర. ఇంట్లోవాళ్లేమో 4.5 లక్షల్ని పన్నెండుతో భాగించి 37,500 అనుకుని కూర్చుంటారు. కొలువు బెంగళూరులో అయితే పీజీ హాస్టల్ అద్దె పోగా ఆ కుర్రాడు ఇంటికి ఏం పంపుతాడు?

పరిష్కారం: ఆఫర్ లెటర్‌లోని జీతం పేజీని పిల్లాడితో కూర్చుని విప్పండి, షీటులో సీటీసీ పక్కన ‘నెలకు చేతికి’ అని ఇంకో కాలమ్ పెట్టండి. ఎంబీఏ వైపు ఐఐఎం అహ్మదాబాద్ చొరవతో వచ్చిన ఐపీఆర్‌ఎస్ అనే ప్లేస్‌మెంట్ రిపోర్టుల పద్ధతిలో జీతాన్ని ఇలాగే భాగాలుగా చూపించి, రిపోర్టును ఆడిట్ చేయిస్తారు. సగటు జోలికి మాత్రం వెళ్లకండి. తొమ్మిది మందికి 3.6 లక్షలు, ఒకరికి 36 లక్షలు వస్తే సగటు 6.84 లక్షలు అవుతుంది. ఆ పదిమందిలో ఒక్కరికీ ఆ జీతం లేదు. మధ్యస్థం 3.6, అదే రాయండి.

ట్రైనింగ్‌కి సగం మంది రావడం లేదు

"ఈ తరం పిల్లలకు సీరియస్‌నెస్ లేదండీ" అని స్టాఫ్ రూమ్‌లో తీర్పు అయిపోతుంది. నేనూ తలూపినవాణ్ణే. ఓ రోజు గైర్హాజరైనవాళ్ల పేర్ల పక్కన ఊళ్లు రాసి చూశాను. అనకాపల్లి, విజయనగరం, తగరపువలస, సబ్బవరం... దాదాపు అందరూ కాలేజీ బస్సు పిల్లలే. బస్సు 4:40కి కదులుతుంది, మా సీఆర్‌టీ (క్యాంపస్ ఇంటర్వ్యూల ట్రైనింగ్) క్లాసు 4:30కి మొదలు. బస్సు వదిలేస్తే ఆనందపురం దాకా ఆటో, అక్కణ్నుంచి ఆర్టీసీ బస్సు, ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. ఆడపిల్లల్ని ఇంట్లో వాళ్లు రెండ్రోజులు చూసి మూడో రోజు మానేయమన్నారు.

పరిష్కారం టైమ్‌టేబుల్‌లోనే ఉంది. క్లాసును మధ్యాహ్నం లంచ్ అవగానే వచ్చే పీరియడ్‌లోకి మార్చాం, దానికోసం ఒక హెచ్‌ఓడీతో వారం రోజులు మాటపట్టింపు. ఆ తర్వాత అటెండెన్స్ గురించి ఎవర్నీ తిట్టాల్సిన పని పడలేదు. కాబట్టి ముందు హాస్టల్ పిల్లలు, డే స్కాలర్లు, అమ్మాయిలు, అబ్బాయిలు అని అటెండెన్స్‌ని విడదీసి చూడండి. సీరియస్‌నెస్ సంగతి తర్వాత.

ట్రైనింగ్‌కి లక్షలు పోస్తున్నాం, ఫలితం తెలియడం లేదు

కారణం: మనం కొలుస్తున్నది ఫీడ్‌బ్యాక్ ఫారం. జోకులు బాగా వేసే ట్రైనర్‌కి ఐదుకి ఐదు పడతాయి. ఇంకో చిక్కుంది: ట్రైనింగ్‌కి క్రమం తప్పకుండా వచ్చేవాళ్లు మామూలుగానే బాగా చదివేవాళ్లు. వాళ్లకు ఉద్యోగాలు వస్తే అది ట్రైనింగ్ గొప్పతనమని ట్రైనింగ్ సంస్థ బిల్లుతో పాటు రాసిస్తుంది.

పరిష్కారం: మొదటి రోజు ఒక పరీక్ష, చివరి రోజు అదే స్థాయి పరీక్ష, రెండూ ట్రైనర్ కాకుండా మీరే పెట్టండి. పోల్చేటప్పుడు ఒకే సీజీపీఏ పరిధిలో ఉన్నవాళ్లనే పోల్చండి: 6.5 నుంచి 7.5 మధ్య ఉండి ట్రైనింగ్‌కి వచ్చినవాళ్లు, అదే పరిధిలో ఉండి రానివాళ్లు. తేడా అక్కడ కనిపిస్తేనే డబ్బు పనిచేసినట్టు. ప్రతి డ్రైవ్ (ఒక కంపెనీ కాలేజీకి వచ్చి చేసే సెలక్షన్) తర్వాత ఎవరు ఏ రౌండ్‌లో ఆగారో రాయండి. ఆన్‌లైన్ టెస్టులోనే పోతున్నవాళ్లకు టై ఎలా కట్టుకోవాలో నేర్పి లాభం లేదు. కోడింగ్ దాటి హెచ్‌ఆర్ దగ్గర బిగుసుకుపోయేవాళ్లకు మళ్లీ ఆప్టిట్యూడ్ రుద్దడం ఇంకా దండగ. మావాళ్లలో చాలామంది సమాధానం తెలిసి కూడా ఇంగ్లిష్‌లో మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయేవారు. జీడీ (గ్రూప్ డిస్కషన్) క్లాసులు తగ్గించి, రోజుకు నలుగురితో పావుగంట మాక్ ఇంటర్వ్యూ పెట్టాక కొంత కుదురుకున్నారు.

మెకానికల్, సివిల్, కెమికల్ వాళ్లకు డ్రైవ్‌లే లేవు

గాజువాక ఆటోనగర్, దువ్వాడ సెజ్, పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం చుట్టూ పెట్టుకుని ఈ మాట అనడం విశాఖలో కొంచెం సిగ్గుగానే ఉంటుంది. కారణం మన ఈ-మెయిల్ లిస్టు. అందులో ఉన్నవన్నీ హైదరాబాద్, బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీలే. చిన్న యూనిట్‌కి కావాల్సింది ఇద్దరో ముగ్గురో, అదీ ఖాళీ వచ్చినప్పుడు. రెండొందల మందికి ఆడిటోరియంలో టెస్టు పెట్టడానికి వాళ్లు రారు, మనమే వెళ్లాలి. నెలకు రెండు రోజులు ఒక ఫ్యాకల్టీని అక్కడికి పంపి, ప్లాంటులో పనిచేస్తున్న పూర్వ విద్యార్థిని ముందు కలవమనండి. గేటు దగ్గర సెక్యూరిటీని దాటడం అతనితోనే సులువు. కేంద్రం నడిపే అప్రెంటిస్‌షిప్ పథకం నాట్స్ పోర్టల్‌లో అప్రెంటిస్‌షిప్‌లకు పేర్లు నమోదు చేయించండి. ఇంజనీరింగ్, డిప్లొమా పాసైనవాళ్లకు అది పనికొస్తుంది, స్టైపెండ్‌లో కొంత కేంద్రం భరిస్తుంది కాబట్టి యూనిట్లు కూడా కాదనవు.

ఆఫర్ ఉంది, జాయినింగ్ తేదీ లేదు

చాలాసార్లు చేతిలో ఉన్నది ఆఫర్ లెటర్ కాదు, తీసుకునే ఉద్దేశం ఉందని మాత్రమే చెప్పే లెటర్ ఆఫ్ ఇంటెంట్ (ఎల్‌ఓఐ). ‘ఒక్కరికి ఒక్క ఉద్యోగం’ అని రూలు పెట్టి ఆ పిల్లాడిని మిగతా డ్రైవ్‌లకు రానివ్వకపోతే, కంపెనీ ఆలస్యం చేసినన్నాళ్లూ అతను ఇంట్లోనే. తేదీ రాని ఎల్‌ఓఐని ఆఫర్‌గా లెక్కించకండి, రూలు సడలించండి. డిపాజిట్ కట్టమనే కన్సల్టెన్సీ గేటు లోపలికే రాకూడదు.

పాసైనవాళ్లు ఫోన్ ఎత్తడం లేదు

సిమ్‌లు మారుస్తారు. ఉద్యోగం రానివాడు కాలేజీ నంబరు చూడగానే కట్ చేస్తాడు, అతని తప్పేం కాదు. గూగుల్ ఫారం పంపితే నింపేది ఉద్యోగం వచ్చినవాళ్లే, అందుకే సర్వే ఎప్పుడూ మనకు అనుకూలంగా వస్తుంది. ప్రొవిజనల్ సర్టిఫికెట్ కోసం ఎలాగూ కౌంటర్‌కి వస్తారు కదా, అక్కడే అర పేజీ ఫారం పెట్టండి, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు కూడా తీసుకోండి. ఆరు నెలలకు ఇంకోసారి అడగండి. స్పందించనివాళ్లలో ఓ ఇరవై మందికి చీటీలు తీసి, వాళ్ల క్లాస్‌మేట్ చేత ఫోన్ చేయించండి. అమ్మ ఎత్తి, "బాబు గాజువాకలో మొబైల్ షాపులో ఉన్నాడండి" అని చెబుతుంది. ఆ సమాధానం కూడా షీటులో రాయాల్సిందే.

మే, జూన్‌లో సెల్‌కి తాళం

టీపీఓ ఆ రెండు నెలలూ అడ్మిషన్ల కోసం ఇంటర్ కాలేజీల చుట్టూ తిరుగుతుంటాడు. నేనూ తిరిగాను, శ్రీకాకుళం దాకా. ఉద్యోగం రాకుండా పరీక్షలు ముగించినవాడు సెల్‌కి వచ్చేది సరిగ్గా అప్పుడే. కనీసం ఒక్కరిని అడ్మిషన్ డ్యూటీ నుంచి మినహాయించమని ప్రిన్సిపాల్‌ని కాగితం మీద అడగండి. నోటిమాటగా అడిగితే నవ్వి ఊరుకుంటారు.

నిజం లెక్క వేశాం, మేనేజ్‌మెంట్ కంగారుపడింది

కారణం: 92 ఉన్నచోట ఒక్కసారిగా 35 కనిపిస్తే పనిచేయలేదనే అనుకుంటారు. పరిష్కారం: పాత రెండేళ్ల షీట్లు తీసి, అదే కొత్త పద్ధతిలో లెక్కకట్టి పక్కపక్కన పెట్టండి. క్లాసు వేళ ఇంకా మార్చకముందు నేను అలా వేసినప్పుడు అంతకుముందు ఏడాది మాకు 31 వచ్చింది. కరస్పాండెంట్ గారు చాలాసేపు ఆ కాగితాన్నే చూసి, "ఇది ప్రింటర్‌కి పంపకు" అన్నారు. ఆ తర్వాత, "బస్సు ఐదున్నరకి మార్చాలంటే డీజిల్ ఖర్చు ఎంతవుతుందో రవాణా వాళ్లని అడుగు" అన్నారు.