తోటలో పడున్న లారీ: తాళం తిప్పకముందే

దాళ్వా (రెండో పంట వరి) కోతలు దగ్గరపడితే కోనసీమలో కిరాయి బండి దొరకడం గగనం. అప్పుడు గుర్తొస్తుంది, కొబ్బరిచెట్ల మధ్య ఇరవయ్యేళ్లుగా నిలబడిపోయిన తాతగారి టాటా బెంజి. 1969 దాకా టాటావాళ్లు బెంజి కంపెనీతో కలిసి లారీలు చేసేవారు కదా, ఆ కాలం నాటిది. మూతి మీద బెంజి చుక్క గుర్తు ఇంకా ఉంది. బ్యాటరీ తెచ్చి, నాలుగు లీటర్లు డీజిలు పోసి మేమూ తాళం తిప్పేశాం. ఇంజను స్టార్టయింది, చిక్కంతా అక్కడే వచ్చింది. బండి పంటబోదె వైపు జారుతుంటే బ్రేకు పెడలు నేలకంటుకుపోయింది. అడ్డంగా ఓ కొబ్బరి మొదలు ఉండబట్టి సరిపోయింది.

"ఏరా అబ్బాయ్, నడపడం కంటే ముందు ఆపడం చూసుకోవాలని ఎవరూ చెప్పలేదా?" అన్నారు పాత మేస్త్రిగారు. ఇక్కడ రాసిందాంట్లో చాలా మటుకు ఆయన తిట్లలోంచి ఏరుకున్నదే.

ముందు పురుగూ పుట్రా సంగతి. ఎలకలున్నచోటికి పాము వస్తుంది. సీటు కింద, బ్యాటరీ పెట్టెలో, రాలిన మట్టల కింద చెయ్యి పెట్టకండి. పొడుగాటి కర్రతో కదిపి, చప్పుడు చేసి, కాసేపు ఆగి, టార్చి వేసి చూడండి. అద్దం వెనకాల కందిరీగల తుట్టె కూడా ఉండొచ్చు. పాము కరిస్తే కట్టుకట్టడాలూ కోయడాలూ వద్దు, కదలకుండా కూర్చోబెట్టి తిన్నగా ఆస్పత్రికే.

మనది ఒండ్రు నేల. జాకీ పెడితే బండి లేవదు, జాకీయే దిగిపోతుంది. కింద మందపాటి చెక్క వెయ్యండి, నేలమీదున్న చక్రాలకి ముందూ వెనకా అడ్డు పెట్టండి. ఎత్తాక తాటిదూలం ముక్కలు గూడులా పేర్చి బరువు వాటిమీదికి దించాకే కిందికి దూరాలి. ఇటుకలు నమ్మొద్దు, చెప్పకుండా పగులుతాయి.

అన్నిటికంటే నేను భయపడేది చక్రానికి. ఈ పాత బండ్ల రిమ్ము ఒక్క ముక్క కాదు, టైరు ఊడిరాకుండా పక్కన ఇనప రింగు ఒకటి గాడిలో కూర్చుంటుంది. ఉప్పుగాలికి ఆ గాడి తినేసి ఉంటే, గాలి ఎక్కుతుండగా రింగు ఎగిరొస్తుంది. ఎదురుగా ఉన్నవాడు బతకడు. అందుకని నట్లు విప్పకముందే వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం వదిలెయ్యాలి. ఏళ్లతరబడి చప్పగా నిలబడ్డ చక్రానికి బండి మీదే గాలి కొట్టొద్దు. విప్పి, రింగునీ గాడినీ గీకి చూసి, తుప్పు లోతుగా దిగినా రింగు వంకరపోయినా పారెయ్యండి. గాలి పట్టేది ఇనప పంజరం ఉన్న షాపులోనే. పొడుగు గొట్టం పెట్టి, రింగుకి ఎదురుగా కాకుండా పక్కకి నిలబడాలి. గాలి ఉండగా రింగు మీద సుత్తి దెబ్బ వేసే కుర్రాడు కనబడితే చెయ్యి పట్టుకుని ఆపండి, మొహమాటం వద్దు. టైరు పైకి బాగానే కనిపిస్తుంది. పక్కన అచ్చులో నాలుగంకెలు వెతకండి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2000కి ముందు టైరైతే మూడంకెలే ఉంటాయి, దాన్ని ఎడ్లబండికిచ్చెయ్యండి. ట్యూబూ, దానికీ రిమ్ముకీ మధ్య వేసే ఫ్లాపు రబ్బరూ కూడా కొత్తవే.

బ్రేకు ఆయిలు గాలిలో తేమని పీల్చుకుంటుంది, మన దగ్గర తేమకి కొదవా? సిలిండర్లు లోపల తుప్పుపడతాయి, రబ్బర్లు గట్టిపడతాయి. పెడలు ఒకసారి గట్టిగా తగిలిందని మోసపోవద్దు, మేం మోసపోయింది అక్కడే. మాస్టరు సిలిండరు, చక్రాల సిలిండర్ల రబ్బర్లు, గొట్టాలు అన్నీ మార్చాలి. డ్రమ్ము విప్పినప్పుడు దుమ్ము గాలితో ఊదకండి. పాత బ్రేకు లైనింగుల్లో ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఆస్‌బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడవండి.

ఇంజను సంగతి ఆ తర్వాతే. ట్యాంకు అడుగున నీళ్లూ మడ్డీ ఉంటాయి, మొత్తం దింపి కడగాలి. డీజిలు చిమ్మే నాజిళ్లు విప్పి ఇంజను ఒక్కో సిలిండర్లో కాస్త ఇంజనాయిలు పోసి రాత్రంతా ఉంచి, పొద్దున్న చేత్తో తిప్పాలి. లోపల నీళ్లున్నా బిగుసుకున్నా సెల్ఫు కొడితే రాడ్లు వంగుతాయి. ఎలకలు కొరికిన వైర్లు చూడకుండా బ్యాటరీ తగిలించొద్దు. ఇంజనుకి డీజిలు అందించే మైకో పంపులో డీజిలు మోతాదు సర్దే కడ్డీ పాత డీజిలు జిగురుకి పూర్తిగా తెరుచుకుని ఇరుక్కుపోతే ఇంజను స్టార్టవగానే ఆగని వేగం అందుకుంటుంది. తాళం తీసినా డీజిలింజను ఆగదు. అందుకే స్టాపు వైరు లాగితే పంపు మీద మీట కదులుతోందో లేదో ముందే చూసుకోండి. ఇంజనులోకి గాలి వెళ్లే గొట్టం దగ్గర, అది ఆగకపోతే గొట్టాన్ని మూసేంత చదునైన చెక్క పట్టుకుని ఒక మనిషిని నిలబెట్టండి. చెయ్యి అడ్డు పెట్టకూడదు, గుడ్డ పెడితే ఇంజను లోపలికి లాగేసుకుంటుంది.

కాగితాల గురించి ఒక్కమాట. 2021లో వచ్చిన పాతకాలపు వాహనాల నిబంధన 50 ఏళ్లు దాటిన టూవీలర్లకీ కార్లకీ మాత్రమే, లారీకి వర్తించదు. ఆర్‌సీ, ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు చూసుకోకుండా రోడ్డెక్కకండి.

మొదటిసారి ఖాళీ బండే, కళ్లంలోనే, నడిచే వేగంతో. పదిసార్లు ఆపి దిగి డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టండి, ఒకటి మిగతావాటికంటే కాలుతుంటే అక్కడ బ్రేకు షూ పట్టేసినట్టే. కాలవగట్టు రోడ్డూ, గోదావరి మీది చించినాడ వంతెనా తర్వాత చూద్దురు గాని. సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని గోదావరి దాటించే పడవ) ఎక్కించే మాట ఆ ఏడాదికి మర్చిపోండి.

మా బండి ఆ దాళ్వాకి అందలేదు. బ్రేకు రబ్బర్ల కోసం విజయవాడ ఆటోనగర్ రెండుసార్లు తిరిగేసరికే ధాన్యం కిరాయి ట్రాక్టరులో మిల్లుకి వెళ్లిపోయింది.