కొల్లాజెన్ పౌడర్ కొనే ముందు మీ కంచంలో ఏముందో చూడండి

చర్మం వదులవుతోంది, ఏ కొల్లాజెన్ పౌడర్ మంచిది అని అడిగేవాళ్లను నేను ముందు అడిగేది, రోజు మొత్తంలో పచ్చిగా ఏం తింటున్నారని. చాలామంది దగ్గర జవాబు ఉండదు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం కూర, రాత్రి చపాతీ, అన్నీ ఉడికినవో కాల్చినవో. ఇలా అడగడానికి కారణం, కొల్లాజెన్‌కు కావాల్సిన విటమిన్ సి వేడికి పాడవుతుంది.

చర్మాన్ని బిగువుగా ఉంచే ప్రోటీన్ కొల్లాజెన్, అది మూడు పోగులు పేనిన తాడు లాంటిది. ఆ అల్లిక విడిపోకుండా ఉండాలంటే పోగుల్లోని ప్రోలీన్, లైసీన్ అనే అమైనో ఆమ్లాలను (ప్రోటీన్‌లోని చిన్న ముక్కలను) కొన్ని ఎంజైములు కొద్దిగా మార్చాలి, ఆ ఎంజైములకు ఇనుము కావాలి, ఆ ఇనుమును పనికొచ్చే రూపంలో నిలిపేది విటమిన్ సి. విటమిన్ సి బాగా తగ్గితే మన ఒంటి వేడికే ఆ అల్లిక నిలవదు. మన శరీరం విటమిన్ సిని సొంతంగా తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి.

విటమిన్ సి లోపం ముందుగా ముడతల్లో కనిపించదు. బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి రక్తం, చిన్న దెబ్బకే ఒళ్లు కమిలిపోవడం, వెంట్రుకల కుదుళ్ల చుట్టూ ఎర్రటి చుక్కలు, గాయాలు త్వరగా మానకపోవడం, ఇవీ గుర్తులు. ఇవేమీ లేకుండా ముడతలు మాత్రమే ఉంటే వయసు, ఎండ, సిగరెట్ల వైపు చూడండి.

ఎంత కావాలి? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం రోజుకు మగవాళ్లకు 80, ఆడవాళ్లకు 65 మిల్లీగ్రాములు. 100 గ్రాముల జామకాయలో 200 పైనే ఉంటుంది, అంటే ఒక్క కాయతో ఆ రోజు పని అయిపోయినట్టే! ఉసిరి ఇంకా మేలు. విటమిన్ సి వేడికి పాడవుతుంది, నీళ్లలో కరిగిపోతుంది కాబట్టి ఆకుకూరలు కడిగాకే తరగండి, ఉడికించిన నీళ్లు పారబోయకండి, పప్పులో నిమ్మరసం స్టవ్ ఆపి, కాస్త చల్లారాక పిండండి. అలా పిండితే ఆకుకూరలోని ఇనుము కూడా ఒంటికి బాగా పడుతుంది. సిగరెట్ తాగేవాళ్లకు రోజుకు ఇంకో 35 మిల్లీగ్రాములు కావాలని అమెరికా లెక్క.

పప్పు, గుడ్డు, చేప కూడా వదలొద్దు, పోగులకు ముడిసరుకు ప్రోటీనే కదా. 1000 మిల్లీగ్రాముల బిళ్లలు మాత్రం ఎవరో చెప్పారని రోజూ మింగకండి, ముఖ్యంగా కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు. చిగుళ్ల రక్తం, ఒంటిమీద మచ్చలు రెండూ ఒకేసారి కనిపిస్తే జామకాయలతో సరిపెట్టుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోండి, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు, అంటే ప్లేట్‌లెట్లు పడిపోయినా అచ్చం ఇలాగే ఉంటుంది.