హమ్మింగ్‌బర్డ్ రెక్కలను ఆపింది షట్టర్ కాదు, ఫ్లాష్

అరిజోనాలోని టక్సన్‌లో, మా పెరట్లోకి ఏడాది పొడవునా ఆనాస్ హమ్మింగ్‌బర్డ్‌లనే బుల్లి పిట్టలు వస్తాయి. ఫొటోల్లో తల, ముక్కు చక్కగా పడేవి, రెక్కల చోట మాత్రం పొగే. షట్టర్ వేగం సెకనులో 1/4000 వంతుకి పెంచినా చివర్లు అలికేసినట్టుండేవి. పైగా ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) పెరిగి ఫొటో నిండా గ్రెయిన్, అంటే చుక్కచుక్కల గరుకు. సెకనుకు 40, 50 సార్లు కొట్టుకునే రెక్కలు మరి!

ఫ్లాష్ పవర్ తగ్గించాక దారి దొరికింది. ఫుల్ పవర్‌లో ఫ్లాష్ ఎక్కువసేపు వెలుగుతుంది. 1/32 పవర్‌లో మెరుపు దాదాపు సెకనులో పదివేలో వంతు, లేదా ఇంకా తక్కువ. రెక్క ఆగేది అక్కడే. వెలుగు చాలదు కాబట్టి మూడు ఫ్లాష్‌లను ఫీడర్‌కు (పిట్టలకు పంచదార నీళ్లు పెట్టే డబ్బా) రెండడుగుల దూరంలో పెట్టాను. షట్టర్ 1/200, లెన్స్ రంధ్రం ఎఫ్/11, ఐఎస్‌ఓ 400. హై స్పీడ్ సింక్ (వేగమైన షట్టర్‌తోనూ ఫ్లాష్ వాడనిచ్చే సెట్టింగ్) ఆఫ్‌లోనే ఉండాలి. ఆన్ చేస్తే ఒక్క మెరుపు బదులు వరుసగా పల్సులొచ్చి మళ్లీ మసకే.

ఎండ పడితే రెక్క పక్కన దెయ్యంలా ఇంకో రెక్క కనిపిస్తుంది. అందుకే ఫీడర్ నీడలో ఉండాలి. ఫ్లాష్‌లు ఆపి ఒక ఫొటో తీసి చూడండి, దాదాపు నల్లగా రావాలి. అప్పుడు వెనక కూడా అర్ధరాత్రిలా నల్లబడుతుంది, నాకది అస్సలు నచ్చదు. ఆకుపచ్చ బట్ట కట్టి, దాని మీదికి ఇంకో ఫ్లాష్ తిప్పాను.

ఫోకస్ టెన్షన్ వద్దు. తాగాక పిట్ట కాస్త వెనక్కి జరిగి గాల్లో నిలబడుతుంది, ముందే అక్కడికి ఫోకస్ కట్టేయడమే. ఫీడర్‌లో ఒక వంతు పంచదారకు నాలుగు వంతుల నీళ్లు. ఎర్ర రంగు కలపొద్దు.