మొక్కజొన్నలో మొక్కల దూరం, నత్రజని మోతాదు: రెండూ కలిపి లెక్కేయడం ఎలా?

మొక్కజొన్న పిలకలు వేసి ఖాళీలు నింపుకునే పైరు కాదు. వరిలో ఒక దుబ్బు చచ్చిపోతే పక్క దుబ్బులు ఇంకో నాలుగు పిలకలు పెట్టి ఆ లోటును చాలావరకు పూడుస్తాయి. మొక్కజొన్నలో గింజ మొలవని చోట కండె లేనట్టే. పక్క మొక్క కండె కాస్త లావెక్కుతుంది గానీ, పోయిన కండె బరువంతా తిరిగి రాదు. పలచబడిన చేనుకు ఎంత యూరియా వేసినా లేని మొక్కకు గింజ పట్టదు. ఒత్తుగా విత్తి నత్రజని తగ్గించినా కండె వేయని గొడ్డు మొక్కలే పెరుగుతాయి. అందుకే ముందు మొక్కలు లెక్కపెట్టాలి, తర్వాతే ఎరువు తూకం వేయాలి. కింది పనులన్నీ ఆ వరుసలోనే ఉన్నాయి.

1. ఎకరాకు ఎన్ని మొక్కలు కావాలో తేల్చుకోండి

గింజ కోసం వేసే హైబ్రిడ్లకు ఎక్కువగా వాడే దూరం సాళ్ల మధ్య 60 సెం.మీ., సాలులో మొక్కకూ మొక్కకూ మధ్య 20 సెం.మీ. అంటే ఒక్కో మొక్కకు 0.12 చదరపు మీటర్ల చోటు. ఎకరా 4,047 చదరపు మీటర్లు కాబట్టి దాదాపు 33,700 మొక్కలు పడతాయి. సాళ్ల మధ్య 75 సెం.మీ. పెడితే ఈ లెక్క దాదాపు 27,000కు దిగుతుంది.

ఏది ఎంచుకోవాలన్నది ముఖ్యంగా నీటిని బట్టి ఉంటుంది. తడులకు కొదవ లేని లోతైన నేలలో మొదటిది సరిపోతుంది. వాన మీదే ఆధారపడిన, లోతు తక్కువ ఉన్న నేలలో పలచగా వేయడమే మేలు. కారణం పూత దశలో కనిపిస్తుంది. ఒత్తు ఎక్కువై నీరో నత్రజనో చాలకపోతే మొక్క మగపూతను వేళకే విడుస్తుంది గానీ కండె పీచు బయటికి రావడం ఆలస్యమవుతుంది. పీచు వచ్చేసరికి పుప్పొడి రాలిపోయి ఉంటుంది. కండె చివర్లు బోడిగా మిగలడానికి, కొన్ని మొక్కలు అసలు కండె వేయకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. ఒత్తు పెరిగితే కాండం కూడా సన్నబడి గాలికి చేను పడిపోతుంది. విత్తన సంచి మీద ఆ హైబ్రిడ్‌కు సూచించిన దూరం ఉంటే దాన్నే పాటించండి. ఒత్తును తట్టుకునే గుణం రకాన్ని బట్టి మారుతుంది.

పశుగ్రాసానికైనా, లేత కండెల కోసం బేబీ కార్న్‌గా అయినా ఇంతకంటే ఒత్తుగా విత్తుకోవచ్చు. వాటిలో గింజ నిండడంతో పని లేదు.

2. మొలక శాతం కలుపుకుని విత్తండి

నిలవాల్సినవి 33,000 మొక్కలు, మొలక శాతం 90 అనుకుంటే వేయాల్సినవి దాదాపు 36,700 గింజలు. అంటే సాలులో 20 సెం.మీ. బదులు 18 సెం.మీ.కు ఒక గింజ పడాలి. విత్తనం ఎన్ని కిలోలో తెలియాలంటే 100 గింజలు తూచండి. 25 గ్రాములు తూగితే ఎకరాకు 9 కిలోలకు కాస్త పైన పడుతుంది. గింజ సైజు సంచికీ సంచికీ మారుతుంది కాబట్టి కిలోల లెక్క కంటే గింజల లెక్కే నమ్మదగ్గది.

లోతు 4–5 సెం.మీ. ఉండాలి, చేనంతా ఒకే తీరుగా ఉండాలి. దూరం ఎంత కొలిచి వేసినా, కొన్ని గింజలు పైపైన పడి, కొన్ని లోతుగా పడితే మొలక ముందూ వెనుకా అవుతుంది. రెండు ఆకులు వెనకబడిన మొక్క పక్కవాటి నీడలో పెరుగుతుంది. నీరూ ఎరువూ అది కూడా తీసుకుంటుంది, కండె మాత్రం సరిగా ఇవ్వదు. ఖాళీల్లో మళ్లీ గింజ పెట్టడం మొలకెత్తిన నాలుగైదు రోజుల్లోపైతేనే పనికొస్తుంది. ఆ తర్వాత పెట్టినవన్నీ వెనకబడిన మొక్కలే అవుతాయి. ఒకే చోట రెండు మొలిస్తే 10–12 రోజులప్పుడు బలహీనమైనదాన్ని నేల మట్టానికి తుంచేయండి. పీకితే పక్క మొక్క వేరు కదులుతుంది.

3. నిలిచిన మొక్కల్ని లెక్కపెట్టండి

ఈ పనికి అరగంట కూడా పట్టదు. అయినా ఎక్కువగా వదిలేసేది దీన్నే. సాళ్ల మధ్య 60 సెం.మీ. ఉంటే, ఒక సాలు వెంట 6 మీటర్ల 75 సెం.మీ. కొలవండి. అది ఎకరాలో సరిగ్గా వెయ్యో వంతు. అందులో ఉన్న మొక్కల్ని లెక్కపెట్టి వెయ్యితో గుణిస్తే ఎకరాకు మొక్కలు తెలుస్తాయి. 75 సెం.మీ. సాళ్లకైతే 5 మీటర్ల 40 సెం.మీ. కొలవాలి. గట్ల పక్కన కాకుండా చేను లోపల కనీసం ఐదారు చోట్ల ఇలా చూసి సగటు తీయండి. మొదటి పైపాటు ఎరువుకు, అంటే పైరు పెరుగుతుండగా వేసే తొలి దఫాకు ముందే ఈ లెక్క మీ చేతిలో ఉండాలి.

4. నత్రజని మోతాదు ఎలా కట్టాలి?

టన్ను గింజ పండించడానికి మొక్కజొన్న నేల నుంచి, ఎరువు నుంచి కలిపి సుమారు 20 కిలోల నత్రజని తీసుకుంటుంది. 33,000 మొక్కలు ఒక్కోటి 100 గ్రాముల గింజ ఇస్తే 3.3 టన్నులు, అంటే 66 కిలోల నత్రజని. అందులో కొంత నేలే ఇస్తుంది. వేసిన ఎరువులో కొంత గాలిలోకీ నీళ్లలోకీ పోతుంది. ఈ రెండూ ఎంతన్నది నేల పరీక్ష ఫలితాన్నీ, నేల రకాన్నీ బట్టి సవరించుకోవాలి. అంతకుముందు పప్పుజాతి పంట ఉన్నా, బాగా చివికిన పశువుల ఎరువు వేసినా మోతాదు తగ్గించుకోవచ్చు.

ఉదాహరణకు నేల పరీక్ష ప్రకారం ఎకరాకు 80 కిలోల నత్రజని కావాలని తేలిందనుకుందాం. విత్తేటప్పుడు 50 కిలోల డి.ఏ.పి. (నత్రజని, భాస్వరం రెండూ ఉన్న ఎరువు) వేస్తే అందులో నత్రజని 18 శాతం, అంటే 9 కిలోలు వచ్చేసినట్టే. ఈ తొమ్మిదిని లెక్కలోకి తీసుకోకపోవడం తరచూ జరిగే పొరపాటు. మిగిలిన 71 కిలోలు 46 శాతం నత్రజని ఉన్న యూరియాతో ఇవ్వాలంటే 154 కిలోల యూరియా కావాలి. మొత్తం 80 కిలోల నత్రజనిని మూడు సమ భాగాలు చేస్తే యూరియా విత్తేటప్పుడు డి.ఏ.పి.తో పాటు 38 కిలోలు, తర్వాత రెండు దఫాల్లో 58 కిలోల చొప్పున.

ఇప్పుడు మూడో అడుగులో వచ్చిన లెక్క చూడండి. 33,000 అనుకున్న చోట 24,000 మొక్కలే నిలిస్తే పైపాటు యూరియాను నాలుగో వంతు తగ్గించడం మంచిది. తగ్గిన మొక్కలకు ఎక్కువ ఎరువు వేసి సరిపెడదామన్న ఆలోచన సహజమే గానీ, మిగులు నత్రజనిని కండె వాడుకోదు, కలుపు వాడుకుంటుంది. మొక్కలు ఎక్కువ నిలిచిన చోట కూడా అదే నిష్పత్తిలో పెంచుకుంటూ పోవద్దు. కొద్దిగా పెంచి, ఆకుల్ని గమనించండి.

5. ఎప్పుడు వేయాలి?

మొలిచిన తొలి రెండు మూడు వారాల్లో మొక్క తీసుకునే నత్రజని చాలా తక్కువ. మోకాలెత్తు దశ నుంచి మగపూత దాకా ఆకలి ఒక్కసారిగా పెరుగుతుంది. కండెలో ఎన్ని వరుసలు ఉండాలన్నది మొక్క ఏడెనిమిది ఆకుల మీద ఉన్నప్పుడే నిర్ణయమైపోతుంది. కాబట్టి మోకాలెత్తు దఫా, అంటే సుమారు 30–35 రోజులది, ఆలస్యం కాకూడదు. రెండో పైపాటు మగపూత బయటపడే ముందు, 50–55 రోజులకు. చలికాలంలో ఎదుగుదల నిదానిస్తుంది కాబట్టి రోజుల కంటే మొక్క దశనే చూడండి. ఇసుక నేలల్లో అదే మోతాదును నాలుగు దఫాలు చేయండి. నీటితో కిందికి దిగిపోయేది తగ్గుతుంది. పీచు ఎండాక వేసిన యూరియా వల్ల ప్రయోజనం దాదాపు ఉండదు.

6. నేల మీద చల్లకండి, మట్టిలో పెట్టండి

తడి నేల మీద పడి ఉన్న యూరియా అమ్మోనియా వాయువుగా మారి గాలిలో కలిసిపోతుంది. ఎండ ఎక్కువగా ఉన్నప్పుడు, సున్నం ఎక్కువున్న చౌడు నేలల్లో ఈ నష్టం మరీ ఎక్కువ. కలుపు తీశాక, నేలలో పదును ఉన్నప్పుడు, మొక్క మొదలుకు 5–7 సెం.మీ. పక్కగా, 5 సెం.మీ. లోతున వేసి మట్టి కప్పండి. మోకాలెత్తు దశలో సాళ్ల మధ్య మట్టిని మొదళ్లకు ఎగదోస్తే ఎరువు కప్పడం, కలుపు అణచడం, మొక్క పడకుండా నిలబెట్టడం ఒక్క పనిలో అయిపోతాయి. కప్పే వీలు లేకపోతే వేసిన వెంటనే తడి ఇవ్వండి.

చేతి అంచనా కుదరాలంటే ఒక చిన్న కొలత చాలు. 60 సెం.మీ. సాళ్లలో ఎకరాకు 58 కిలోలంటే 10 మీటర్ల సాలుకు 86 గ్రాములు. ఆ బరువు తూచి ఒక సాలులో వేసి చూస్తే గుప్పెట్లోంచి ఎంత వదలాలో చేతికి తెలిసిపోతుంది. మొక్క సుడిలో మాత్రం పడనివ్వకండి, లేత ఆకులు మాడతాయి. నీళ్లు నిలిచిన చేలో ఎరువు వేయవద్దు. ముందు నీరు తీసేయండి. ఊపిరాడని నేలలో నత్రజని వాయువుగా పోతుంది, వేరు కూడా పనిచేయదు.

7. ఆకును చూసి సరిదిద్దుకోండి

నత్రజని చాలకపోతే అడుగు ఆకులు ముందు పసుపెక్కుతాయి. పసుపు ఆకు కొనలో మొదలై నడిమి ఈనె వెంట లోపలికి దిగుతుంది, అంచులు కొంతకాలం పచ్చగానే ఉంటాయి. అంచులే ముందు పసుపెక్కి ఎండితే అది పొటాష్ లోపం. పైన లేత ఆకులు పాలిపోతే గంధకం లోపమో, సూక్ష్మ పోషకాల లోపమో చూడాలి. వాటికి యూరియా మందు కాదు.

పోల్చుకోవడానికి చేలో ఒక చిన్న పట్టీకి నత్రజని సమృద్ధిగా ఇచ్చి గుర్తు పెట్టండి. రెండో పైపాటు సమయానికి మిగతా చేను ఆ పట్టీ అంత పచ్చగా ఉంటే మోతాదు తగ్గించినా నష్టం లేదు. తేడా స్పష్టంగా కనిపిస్తే పూర్తి మోతాదు వేయండి.

8. కోతప్పుడు కండెలు ఒలిచి చూడండి

మళ్లీ అదే 6.75 మీటర్ల సాలు కొలిచి మొక్కలు ఎన్ని, కండెలు ఎన్ని అని రాసుకోండి. గొడ్డు మొక్కలు ఎక్కువగా ఉండి, ఉన్న కండెల చివర్లు కూడా బోడిగా ఉంటే నీటికో ఎరువుకో మించిన ఒత్తు ఉందన్నమాట. పూత సమయంలో తడి తప్పిందేమో గుర్తు చేసుకోండి. అది కారణం కాకపోతే వచ్చే పంటకు మొక్కల మధ్య రెండు మూడు సెం.మీ. పెంచండి. కండెలన్నీ చివరి గింజ దాకా నిండి, లావుగా ఉండి, మొక్కలు 25,000 దాటకపోతే చేను ఇంకొన్ని మొక్కల్ని మోయగలదు. అప్పుడు మార్చాల్సింది యూరియా కాదు, విత్తే దూరం.