పిసంక నేర్పేవాళ్లకి: గుడ్డు, మైనం, నాలుగు రంగులు

ఉక్రెయిన్‌లో ఈస్టర్‌కి ముందు కోడిగుడ్ల మీద మైనంతో గీతలు గీసి రంగుల్లో ముంచుతారు, ఆ గుడ్డునే పిసంక అంటారు. 2024లో యునెస్కో ఈ కళని ఉక్రెయిన్, ఎస్తోనియా దేశాల పేరు మీద వారసత్వ జాబితాలో చేర్చింది. అనంతపురంలో ఓ నలుగురిని కూర్చోబెట్టుకుని నేర్పడం కష్టమేం కాదు, కానీ కొత్తవాళ్లు ఎక్కడ తికమకపడతారో మీకు ముందే తెలిసుండాలి.

తికమకంతా ఒక్కచోటే. ఇక్కడ మైనంతో రంగు వెయ్యం, రంగు అంటకుండా ఆపుతాం. తెల్లగా ఉండాల్సిన గీతలు ముందు మైనంతో గీసి పసుపు రంగులో ముంచాలి, పసుపుగా మిగలాల్సిన చోట మళ్లీ మైనం పెట్టి ఎరుపులో ముంచాలి, ఎరుపు ఉండాల్సిన చోట కప్పేసి చివర్న నలుపు. లేత రంగు నుంచి ముదురుకే వెళ్లాలి, వెనక్కి రాలేం. ఇది నోటితో ఎంత చెప్పినా ఎక్కదు, అందుకే క్లాసు మొదలుపెట్టగానే మీరే ఒక గుడ్డు మీద మూడు అడ్డగీతలతో మొత్తం చేసి చూపించెయ్యండి.

సామాన్ల విషయానికొస్తే, మైనం తేనెపట్టుదే కావాలి, మామూలు కొవ్వొత్తి మైనం పెళుసు, రంగులో ఉండగానే పెచ్చులూడుతుంది. గీసే పనిముట్టుని కిస్త్కా అంటారు, పుల్ల చివర చిన్న రాగి గరాటు కట్టి ఉంటుంది. దొరక్కపోతే పలచటి రాగి రేకుని సూది చుట్టూ గరాటులా చుట్టి, రాగి తీగతో పుల్లకి బిగించుకోండి. రంగులకి మనకి ధర్మవరం పక్కనే ఉండటం పెద్ద అదృష్టం: పట్టుకి పట్టే యాసిడ్ డైలే గుడ్డు పెంకుకీ పడతాయి. వేడినీళ్లలో కొంచెం పొడి కలిపి, పూర్తిగా చల్లారాక ఒక చెంచా వెనిగర్ వెయ్యండి. ఈ రంగులు వేసిన గుడ్లు మాత్రం తినకూడదు, లోపలి సొన కూడా వండకూడదు, పిల్లలకి ఇది గట్టిగా చెప్పండి.

గుడ్లు తెల్లవి, పచ్చివి, నున్నగా ఉన్నవి ఏరుకోండి. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినవైతే చెమట పడతాయి, మైనం అంటదు. చేతులకి కొబ్బరినూనె, క్రీము లేకుండా సబ్బుతో కడుక్కోమనండి, జిడ్డు అంటిన చోట రంగు పట్టదు. పెన్సిల్‌తో లేతగా గుర్తులు పెట్టుకోవచ్చు గానీ రబ్బరుతో చెరపొద్దు, అక్కడ కూడా రంగు మరకలుగా వస్తుంది.

ఫ్యాన్ ఆపక తప్పదు, లేకపోతే గరాటు వేడిచేసే కొవ్వొత్తి మంట నిలవదు. కాబట్టి ఎండాకాలంలో క్లాసు పొద్దున్నే పెట్టండి. చున్నీలు, జడలు వెనక్కి కట్టించండి.

గరాటుని మంటలో కాసేపు వేడిచేసి, మైనంలో గుచ్చి నింపుకుని, ముందు కాగితం మీద ఒక గీత గీసి చూడాలి, లేకపోతే మొదటి బొట్టు లావుగా పడుతుంది. పడితే గీకొద్దు, దాన్నే ఒక చుక్కగానో పువ్వు మధ్యభాగంగానో మార్చేసుకోమనండి. ముగ్గులు బాగా వేసేవాళ్లు ఇక్కడ కొంచెం ఇబ్బంది పడతారు, ఎందుకంటే వాళ్లకి చెయ్యి కదపడం అలవాటు, ఇక్కడేమో గీసే చెయ్యి నిలిపి గుడ్డుని తిప్పాలి. అది పట్టుబడితే మాత్రం వాళ్ల గీత అందరికంటే బాగుంటుంది. మొదటి గుడ్డుకి నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి చుట్టుగీతలు, మధ్యలో ఎనిమిది రేకుల నక్షత్రం చాలు, ఉక్రెయిన్ గుడ్ల మీద కూడా ఆ నక్షత్రం బాగా కనిపిస్తుంది.

ఒక్కో రంగులో ఐదు నిమిషాలైనా ఉంచి, తీసి, తుడవకుండా టిష్యూతో అద్దండి. నలుపు ఆరాక గుడ్డుని మంట పక్కన పట్టుకోవాలి, మంట పైన పట్టుకుంటే మసి అంటుకుంటుంది. మైనం మెరవగానే మెత్తటి గుడ్డతో తుడిచెయ్యాలి, కొంచెం కొంచెంగా. లోపల దాక్కున్న రంగులన్నీ అప్పుడే బయటపడతాయి, ఈ పని మాత్రం మీరు చెయ్యకండి, ఎవరి గుడ్డు వాళ్లనే తుడుచుకోనివ్వండి.

ఆయిల్ వార్నిష్ పూసి ఆరబెట్టండి, నీళ్లతో కలిపే రకమైతే రంగు కారిపోతుంది. ఉక్రెయిన్‌లో చాలామంది సొన లోపలే ఎండిపోయేలా వదిలేస్తారు, మన ఎండల్లో ఆ రిస్క్ వద్దు, పగిలితే కంపు భరించలేం. వార్నిష్ ఆరాక అడుగున చిన్న చిల్లు పెట్టి, సిరంజితో గాలి ఎక్కించి సొన తీసేసి, లోపల నీళ్లతో కడిగి, చిల్లు కిందికి ఉండేలా బోర్లించండి.